మా బావ మూటలు, నా అమెరికా సినిమా

ఒక మనిషి తన వీపు వెనక ఏం జరుగుతున్నదో తెలియకుండా మూడు గంటలపాటు నిండు సభకు ఉపన్యాసం ఇవ్వగలడా అని మీరు అడిగితే, ఇవ్వగలడు, నేనిచ్చాను అని చెబుతాను. ఆ రోజు నేను చేసిన ఘనకార్యం ముందు, పెళ్ళిమంటపంలో తప్పు పెళ్ళికూతురికి అక్షింతలు వేసి రావడం ఒక లెక్కలోకి రాదు. నలభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నాను. ఏ పేజీ తీసినా తేదీ, వాతావరణం, తిన్న కూర, జరిగిన పని వరుసగా ఉంటాయి. ఆ ఒక్క ఆదివారం పేజీలో మాత్రం "వంకాయ కూర" అన్న మాట తర్వాత ఏమీ లేదు. రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు ధైర్యం చేసి రాస్తున్నాను.

ఇది మూడేళ్ళ కిందటి మాట. అప్పటికి నేనింకా అరవై ఆరేళ్ళ కుర్రవాణ్ణి. దుడుకు వయసు. తెలియనిదంటూ ఏదీ లేదనుకునే రోజులు.

ఒక మధ్యాహ్నం మా అక్క బాలమ్మ గజ్వేల్ బస్సు దిగి, సిద్దిపేటలోని మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా గడప మీదే మొదలుపెట్టింది.

"తమ్మీ, మీ బావ ఇంకా మూటలు విప్తలేడురా."

"ఏ మూటలక్కా?"

"ఏ మూటలేంది? ఊరికెళ్ళి తెచ్చిన మూటలు. పదహారు! పెద్దర్ర నిండ దూలం దాక పేర్చిండు. మంచం గా మూటల ఎనుక ఉన్నది. నేను చాప మీద పంటున్న. రెండు గిన్నెలు, రెండు పళ్ళేలు, ఒక పొయ్యి. గంతే నా సంసారం."

మా అక్కా బావల ఊరు మల్లన్నసాగర్ రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. ఊరు ఖాళీ చేసి గజ్వేల్ దగ్గరి కాలనీలో కొత్త ఇంటికి వచ్చి అప్పటికి ఏడాది రెండు నెలలు. ఊళ్ళో కట్టిన మూట కట్టినట్టే ఉందన్నమాట.

"బావ ఏమంటడు మరి?"

"ఏమంటడు? 'సుట్టపోల్లింటికి వోయినోళ్ళు మూటలు విప్పి ఇల్లు సదురుకుంటరా' అంటడు. ఏడాదాయె, ఇంక మా ఇల్లు మాకు సుట్టపోల్లిల్లేనట. పోయినేడు బతుకమ్మ పక్కింటోళ్ళ స్టీలు పళ్ళెంల పేర్చిన తమ్మీ. నా పెండ్లికి అవ్వ పెట్టిన ఇత్తడి తాంబాళం ఇంట్ల ఉండంగ, స్టీలు పళ్ళెంల!"

అక్క చీర కొంగు బొడ్డులో దోపి, తీర్పు చెప్పింది.

"సద్దుల బతుకమ్మ దాక సూస్త. గప్పటికి మూటలు విప్పి నా తాంబాళం నా చేతుల వెట్టకుంటే, నేను గీడికొస్త. ఇగ గీడనే ఉంట."

వంటింట్లో గరిటె కింద పడిన చప్పుడు వినిపించింది. మా ఆవిడ సుశీలకు వదిన అంటే ప్రాణం. కానీ ఆ ప్రాణం గజ్వేల్ దగ్గర ఉంటేనే బాగుంటుందని ఆమె అభిప్రాయం.

మా బావ నర్సింహులు సంగతి మీకు చెప్పాలి. ఊళ్ళో రెండెకరాల రైతు. నోరు మాత్రం ఇరవై ఎకరాలకు సరిపోయేది. నన్ను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 'గుమాస్తా' అనే పిలుస్తాడు. నేను సీనియర్ అసిస్టెంటు అయిన రోజు స్వీట్లు తీసుకుని వెళ్తే, "అయితే పెద్ద గుమాస్తావైనవన్న మాట" అని రెండు లడ్డూలు తిన్నాడు. అలాంటి మనిషి కాలనీకి వచ్చాక నన్ను ఎగతాళి చేయడం కూడా తగ్గించేశాడు. అదీ అసలు భయం. బావ తిట్టని రోజు నాకు అన్నం సయించేది కాదు.

నేను ఆలోచించాను. ఆలోచించడమంటే డైరీలో ఒక కొత్త పేజీ తీసి, 'సమస్య' అని రాసి, కింద గీత కొట్టి, 'పరిష్కారం' అని రాయడం. గీత చాలా నిటారుగా వచ్చింది. పరిష్కారం నాలుగు రోజుల తర్వాత వచ్చింది.

నాతోపాటు రిటైరైన ఒక మిత్రుడు పాత సామాన్లు తీసేస్తూ నాకు నాలుగు సీడీలు ఇచ్చాడు. పాత నలుపు తెలుపు అమెరికా సినిమా. పేరు చెప్పను. చెబితే మీరు దాన్ని సరిగ్గా చూసి నాకంటే తెలివైనవాళ్ళయిపోతారు. ఎక్కడో చలికొండల్లో ఒక పల్లె. బతకలేక ఒక కుటుంబం అమెరికా బయలుదేరుతుంది. తండ్రి, తల్లి, ఒక చిన్నపిల్ల, ఒక చెక్కపెట్టె. నాలుగు సీడీల్లో కథ నాలుగు భాగాలు. మొదటి దాంట్లో పల్లె, ఆవు, బావి, చివర ఊరంతా కలిసి పెట్టిన వీడ్కోలు విందు. రెండో దాంట్లో ఓడ ప్రయాణం. మూడో దాంట్లో ఫ్యాక్టరీ కూలి, ఇరుకు గదుల పట్నం. నాలుగో దాంట్లో సొంత ఇల్లు, కారు, గృహప్రవేశానికి వచ్చి కౌగిలించుకునే కొత్త ఊరి జనం. ఇన్నేళ్ళూ పెట్టె విప్పని ఆ తల్లి, జుట్టు నెరిసిన తర్వాత పెట్టె విప్పి, ఊరి నుంచి తెచ్చిన దుప్పటి తీసి మంచం మీద పరుస్తుంది. శుభం.

నేను ఎగిరి గంతేశాను. మోకాలు పట్టింది, అది వేరే సంగతి. ఈ సినిమా చూస్తే మా బావ అదే పూట మూటలు విప్పడా?

భాష ఇంగ్లీషు కాబట్టి నేనే తెలుగులో చెప్పాలి. సినిమా రెండుసార్లు చూసి, డైరీలో ఇరవై రెండు పేజీల వ్యాఖ్యానం రాశాను. ఒక్కో సీడీ చూడడం అయిపోగానే కట్ట మీద పెడుతూ వచ్చి, నాలుగింటినీ కలిపి తాడుతో కట్టాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నా పతనం ఈ తాడు దగ్గరే ఉంది.

మా ఆఫీసులో ఫైలు కట్టే పద్ధతి ఏమిటంటే, పాత కాగితం అడుగున, కొత్త కాగితం పైన. ఫైలు తెరవగానే కనబడేది అన్నిటికంటే చివర వచ్చిన కాగితం. ముప్పై నాలుగేళ్ళు అలా కట్టిన చేయి ఇంటికొచ్చి మాత్రం ఊరుకుంటుందా? మా ఇంట్లో కరెంటు బిల్లులూ, మందుల చీటీలూ, పెళ్ళిపత్రికలూ అన్నీ అలాగే ఉంటాయి. ఇస్త్రీ బట్టలు కూడా. కాబట్టి సీడీల కట్టలో నాలుగోది పైన, మొదటిది అడుగున. మరి నంబర్లు వేయలేదా అంటారా? వరుసగా కట్టిన ఫైలుకు నంబరు వేయడమంటే, కట్టినవాణ్ణి అనుమానించడమే అని నా సిద్ధాంతం.

ఇంతలో నా కంటికి శుక్లం ఆపరేషన్ తేదీ వచ్చింది. సోమవారం ఆపరేషన్, ఆదివారం సినిమా. "వాయిదా వెయ్యిన్రి" అంది సుశీల. డైరీలో రాసిన కార్యక్రమాన్ని వాయిదా వేయడం నా చరిత్రలో లేదు. "పది రోజులు టీవీ వైపు చూడొద్దు" అని డాక్టరు చెప్పాడు. దానికీ నా దగ్గర పరిష్కారం ఉంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, టీవీకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చుంటాను. ఆపరేషన్ కాని కంటితో డైరీ చూసి చదువుతాను. టీవీ సంగతి సుశీల చూసుకుంటుంది. వైద్యుడి మాటా నిలిచింది, డైరీ మాటా నిలిచింది. ఇంతకంటే క్రమశిక్షణ ఏముంటుంది?

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు కాలనీ కమ్యూనిటీ హాలు నిండిపోయింది. హాల్లోని పెద్ద టీవీకి నా పాత సీడీ ప్లేయరు తగిలించాం. ముందు వరసలో మా అక్క. ఆమె పక్కన బావ, తువ్వాలు భుజాన వేసుకుని, దవాఖానలో సూది కోసం కూర్చున్నవాడిలా. వాళ్ళ వెనక ఎల్లవ్వ. ఎనభై దాటిన ముసలమ్మ, వాళ్ళ పాత ఊరిదే. పక్కన అంగన్‌వాడీ టీచరు మాధవి.

"నా మాట వినబడాలె, సౌండు బాగా తగ్గించు" అన్నాను సుశీలతో. తగ్గించింది.

"మొదటిది పెట్టు" అన్నాను.

సుశీల కట్ట విప్పి పైనున్నది తీసి పెట్టింది. ఆమె తప్పేముంది చెప్పండి? లోకంలో గుమాస్తా కాని ప్రతి మనిషికీ పైనున్నదే మొదటిది. ఫైలును అడుగు నుంచి చదవాలని నాకు తెలుసు. ఆమెకు తెలియదన్న సంగతే నాకు తెలియదు.

నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "ఇదీ వాళ్ళ ఊరు. చూడండి, ఎంత పేదరికమో! తినడానికి తిండి లేదు. ఉండడానికి సరైన ఇల్లు లేదు."

ముందు వరసలోంచి బావ గొంతు. "గుమాస్తా, ఇంటి ముందర కారున్నది."

బావ నన్ను గుమాస్తా అని ఎన్నాళ్ళకు పిలిచాడు! ఆ సంతోషంలో కారు విషయం పట్టించుకోలేదు.

"అది జమీందారుది బావా."

"మరి గాయిన పొయ్యి కాడ అన్నం తింటుండేంది?"

"దయగల జమీందారు."

"గిసొంటి పేదరికం మాకూ ఇయ్యిన్రి సారూ" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. సినిమాలో పల్లెటూరి హాస్యం పండుతోందని మురిసిపోయి నేను పేజీ తిప్పాను.

"ముసల్ది పెట్టెల నుంచి దుప్పటి తీస్తున్నది" అంది ఎల్లవ్వ.

"ముసల్ది కాదవ్వా, ఆమెకింకా పాతికేళ్ళే. కష్టాలకు అట్ల కనిపిస్తది."

"జుట్టంత తెల్లగున్నది కొడుకా!"

"అక్కడ మంచు పడుతది."

ఇంతలో మాధవి లేచింది. "సార్, 'ది ఎండ్' అని పడ్డది."

మీరయితే అక్కడ ఆగేవారు. బుద్ధి ఉన్నవాడెవడైనా ఆగేవాడు. నేను నల్ల కళ్ళద్దాలు సర్దుకుని, చిరునవ్వుతో, "అంటే ఊళ్ళో వాళ్ళ బతుకు ముగిసిందని అర్థం టీచరమ్మా. మంచి డైరెక్టర్లు అట్లనే సూచిస్తరు" అన్నాను. మాధవి నా వంకా టీవీ వంకా చూసి కూర్చుంది.

"రెండోది పెట్టు" అన్నాను. సుశీల పెట్టింది. ఫ్యాక్టరీ.

"ఇప్పుడు వాళ్ళు ఓడ ఎక్కారు. నడి సముద్రం. ఎటు చూసినా నీళ్ళు!"

"నీళ్ళు యాడున్నయ్?" అన్నాడు బావ. "పొగ గొట్టాలున్నయ్."

"ఓడకు పొగ గొట్టాలుంటయి బావా."

"ఇరవై ఉన్నయ్."

"పెద్ద ఓడ."

"గా పిల్ల గిందాక పెండ్లీడు పిల్ల ఉండె. ఇప్పుడు పదేండ్ల పిల్లయింది."

"అది వేరే పిల్ల. ఓడలో ఇంకొక కుటుంబం."

ఆ క్షణంలో నాకు ఒక్కటే అనిపించింది: ఈ జనానికి ఎంత చెప్పినా అర్థం కాదు! నా గొంతు పెంచాను. ఓడలో వాంతుల గురించి రెండు పేజీలు చదివాను. తెర మీద కార్మికులు ఇనుము కరిగిస్తున్నారట.

మూడోది పెట్టేసరికి హాల్లో నవ్వులు ఆగిపోయాయి. అది ఓడ భాగం. నేను చదువుతున్నది పట్నం ఇరుకు గదుల గురించి. "ఒక్క గదిలో ఇరవై మంది. ఒకరి మీద ఒకరు పడుకోవాలి. గాలి రాదు" అన్నాను. ఓడ అడుగున జనం సరిగ్గా అలాగే ఉన్నారట. ఈ ఒక్క చోట నేను నూటికి నూరు పాళ్ళు సత్యం పలికాను.

"ఇల్లు ఊగుతున్నదేంది?" అన్నాడు బావ, చాలా మెల్లగా.

"కిరాయి ఇల్లు బావా. అట్లనే ఉంటది."

ఇంకెవరూ ఏమీ అడగలేదు. మాధవి ఏదో చెప్పబోయింది కానీ, ఎల్లవ్వ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. నా వ్యాఖ్యానంలో లీనమైపోయారనుకున్నాను.

నాలుగోది పెట్టమన్నాను. సుశీల అడుగున మిగిలిన ఒక్కటీ పెట్టింది.

"పేర్లు ఇప్పుడు పడుతున్నయ్" అంది మాధవి.

"ఇప్పటి సినిమాల్లో పేర్లు చివరే వేస్తరు కదమ్మా" అన్నాను. అది నలుపు తెలుపు కాలం నాటి సినిమా అన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు లేదు.

ఇక నా చివరి పేజీలు. వాటి మీద నాకు చాలా నమ్మకం. లేచి నిలబడ్డాను. "చూడండి! ఇదీ వాళ్ళ సొంత జాగ. ఇన్ని కష్టాలు పడి, చివరికి తమ ఇంటికి తాము చేరారు. ఆ తల్లి పెట్టె తెరిచింది. ఊరంతా వచ్చి వాళ్ళను కౌగిలించుకుంటున్నది. ఇక వీళ్ళు ఎక్కడికీ పోనవసరం లేదు!"

నా వెనక ఏముందో మీకు తెలుసు. పల్లె. రాళ్ళ గోడ. ఆవు. గిలకబావి. నెరిసిన జుట్టు మళ్ళీ నల్లబడిన తల్లి. పెట్టె తెరిచే ఉంది. సర్దుతోందో తీస్తోందో హాలు చివర నుంచి ఎవరికి తెలుస్తుంది? ఆపైన వీడ్కోలు విందు. ఊరి జనమంతా ఒక్కొక్కరే వచ్చి, వాళ్ళను గుండెలకు హత్తుకుని, బుగ్గలు తడిమి.

ఒకరిద్దరు ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. ఎల్లవ్వ చేతులు జోడించింది. నాకేనని నేనూ తిరిగి జోడించాను. బావ లేచి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

"ఏడ్పిచ్చినవ్ తమ్మీ" అంది అక్క.

ఛాతీ ఉబ్బించుకుని బస్సెక్కాను. గజ్వేల్ దాటాక సుశీల అంది, "ఆఖర్ల గా ఆవు ఎంత ముద్దుగున్నది! ఊరికి మల్ల రాంగనే ఎదురొచ్చింది పాపం."

"ఆవు ఆఖర్లో ఎందుకుంటది? ఆవు మొదట్లో ఉంది."

"లేదు, ఆఖర్లనే. ముందుగాల కారుంది."

నేను సీటులో ఆమె వైపు తిరిగాను. "నువ్వు మొదట ఏది పెట్టినవ్?"

"మీరు మొదటిది పెట్టుమన్నరు. పైనున్నది పెట్టిన."

"పైనున్నది నాలుగోది!"

"మరి నాలుగోది పైన ఎవరు పెట్టిన్రు?"

జవాబు లేని ప్రశ్నలు వేయడంలో మా ఆవిడది అందెవేసిన చెయ్యి. సిద్దిపేట వచ్చేదాకా నేను కిటికీ వైపు తిరిగి, చూడకూడని కంటితో కూడా బయటికి చూస్తూ కూర్చున్నాను. వలస వెళ్ళినవాళ్ళు కొత్త చోట ఇల్లు కట్టుకుంటారని చెప్పబోయి, ఇల్లూ కారూ వదిలేసి వెనక్కి ఊరికే చేరుకుంటారని చూపించాను. అదీ ఊరు నీళ్ళ కింద ఉన్న మనిషికి! మూటలు విప్పించడానికి వెళ్ళి, మూట ఎత్తుకుని నడవమని చెప్పి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్.

"తమ్మీ, మీ బావ చీకటితోనే లేచి మూటలు నడింట్లకు గుంజుతుండు. 'ఏందయ్యా' అంటే 'నిన్న సినిమా సూడలేదా' అంటుండు. నువ్వు జల్ది రా!" ఫోన్ కట్ అయింది.

బావ బయలుదేరుతున్నాడు. ఎక్కడికి? నీళ్ళలోకా? సుశీల చెప్పులు వేసుకునేలోపు నేను బస్టాండులో ఉన్నాను. దారి పొడుగునా డైరీలో క్షమాపణ రాశాను. ఐదు అంశాలు. మొదటి అంశం 'విషయము' అని మొదలైంది. మరో రకంగా రాయడం నాకు రాదు.

అక్క ఇంటికి వెళ్ళేసరికి బావ నడింట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ మూటలు. నేను ఊపిరి తీసుకోకుండా డైరీ తెరిచి చదవడం మొదలుపెట్టాను. సీడీల వరుస తప్పు, ఫైలు పద్ధతి, నంబరు వేయని అహంకారం, కారు జమీందారుది కాదు, ఓడకు ఇరవై గొట్టాలుండవు. ఐదు అంశాలూ బావ ఓపికగా విన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది బావా. అసలు కథలో వాళ్ళు ఊరికి తిరిగి రారు. నువ్వు తప్పు సినిమా చూసి మూటలు కట్టొద్దు."

"కట్టుడా? కండ్లు సక్కగ పెట్టి సూడు గుమాస్తా. కడుతున్ననా, విప్తున్ననా?"

నల్ల కళ్ళద్దాలు ఎత్తి చూశాను. బావ ఒళ్ళో ముడి విప్పిన గోనెసంచి. పక్కన దీపపు సెమ్మె, రెండు దుప్పట్లు, కొడవలి, అక్క చింతపండు జాడీ.

"మొదట్ల ముసల్ది పెట్టె విప్పింది. ఆఖర్ల పడుసుది పెట్టె సదిరింది" అన్నాడు బావ. "తలకాయ నెరిసినోళ్ళు మల్ల నల్లగ ఎట్లయితరు? నీ కంటికి ఆపరేషన్ అయింది గని మా కండ్లకు కాలే. హాల్ల అందరికి ఎర్కైంది, సినిమా ఎన్కకు నడుస్తున్నదని."

"అందరికీ తెలుసా? మరి ఒక్కరన్నా చెప్పొచ్చు కదా!"

"మాధవి చెప్పవోయింది. ఎల్లవ్వ చెయ్యి వట్టి గుంజింది. ఎందుకు చెప్తం? చెప్తే నువ్వు ఊకుంటవా? గాడనే ఆపి, సక్కజేసి, మల్ల మొదటికెళ్ళి ఏస్తవు. అప్పుడు ఊరు ముందుగాల్నే వచ్చి పోతది. ఎన్కకు నడుస్తున్నదంటే ఆఖరికి ఊరు వస్తదని ఎర్కైనంక, ఇగ ఎవ్వరం నోరు తెర్వలే."

నేను డైరీ మూశాను. "మరి ఈ మూటలు?" అన్నాను.

బావ ఒక మూట మీద చెయ్యి వేశాడు. "ఇది మేము ఊరిడిసిన పొద్దు ఆఖర్ల కట్టింది. అందుకే పైనున్నది. ముందుగాల కట్టినై అడుగున ఉన్నయ్. రాత్రంత సోంచాయించిన. ఏడాది సంది గీ కుప్పను సూస్తే, ఊరిడిసిపెట్టినమనే యాదికొస్తుండె. పైకెళ్ళి ఒక్కొక్కటి విప్పుకుంట పోతే, గా సినిమా లెక్కనే ఎన్కకు ఎన్కకు పోతం గద? ఆఖరు మూట విప్పిననాడు మా ఇంట్ల ఉంటం. నీ ఫైలు పద్ధతి మంచిగనే ఉన్నదిరా గుమాస్తా. రోజుకొకటి విప్త. తొందర లేదు."

"నా తాంబాళం ఎన్నో మూటల ఉన్నది?" అంది అక్క గుమ్మంలోంచి.

"అన్నిటికంటె ముందుగాల కట్టింది గదే కద. నువ్వే కట్టినవ్. అడుగున ఉన్నది."

అక్క వేళ్ళ మీద లెక్కపెట్టింది. పదహారు మూటలు, పదహారు రోజులు. పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ, ఆ పొద్దు నుంచి పద్దెనిమిదో రోజు. "రెండు దినాలు ముందుగాల్నే వస్తది" అంది. అక్కడే గుమ్మానికి ఆనుకుని, చాలా సేపు అలాగే నిలబడింది.

ఇంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? బస్సులో తిరిగి వస్తుంటే నా మనస్సాక్షి ఊరుకోలేదు. తప్పు జరిగిందని తేలిన తర్వాత సవరణ జారీ చేయకుండా ఉండడం ఉద్యోగధర్మం కాదు. మళ్ళీ ఆదివారం అదే హాలు, అదే జనం. ఈసారి సీడీల మీద ఎర్ర ఇంకుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాశాను. కంటికి అనుమతి వచ్చింది కాబట్టి టీవీ వైపే తిరిగి కూర్చున్నాను. మొదటిది వేశాను. పల్లె, ఆవు, గిలకబావి, విందు. అందరూ కన్నార్పకుండా చూశారు. ఒక్క ప్రశ్న లేదు. నా హృదయం పొంగిపోయింది.

మొదటిది అయిపోయింది. "ఇప్పుడు రెండో భాగం, ఓడ ప్రయాణం" అని తిరిగి చూస్తే, హాలంతా లేచి నిలబడి ఉంది. తువ్వాళ్ళు దులుపుకుంటున్నారు. చెప్పులు వెతుక్కుంటున్నారు.

"ఎక్కడికి? ఇంకా మూడు ఉన్నయి!"

"ఊరు సూసినం గద" అన్నాడు బావ. "ఇగ ఊరిడిసి ఓడెక్కుడెందుకు? కూసోని నువ్వే సూడు."

ఎల్లవ్వ మాత్రం పోతూ పోతూ నా దగ్గర ఆగింది. నెత్తి మీద చెయ్యి పెట్టి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "కొడుకా, పోయిన వారం మంచిగేసినవ్. గీ వారమే తప్పేసినవ్."

ఖాళీ హాల్లో నేనూ సుశీలా మిగిలాం. తెర మీద ఓడ బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. సుశీల ఆపేసింది.

అందుచేత, ఈ డైరీ సాక్షిగా, పూర్తి స్పృహలో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఇందుమూలముగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఆ సినిమాను నా ప్రాణం ఉండగా సరైన వరుసలో మరెన్నడూ ఎవ్వరికీ చూపించను. పొరపాటున కూడా.